వెనక ఎవరు కూర్చుంటారు?

మంగళవారం ఉదయం. ఆయన ఎప్పటిలాగే కారు చక్రాలు తళతళలాడేలా తుడుస్తున్నారు. ముప్పై ఏళ్లుగా టైర్ల షాపు నడుపుతున్న మనిషి. ఊళ్లో ఎవరి కారుకైనా చక్రాలు మార్చాలంటే ఆయన మాట దాటరు. సొంత కారుకి మాత్రం ముచ్చటపడి పెద్ద రిమ్ములు, పలచటి టైర్లు వేసుకున్నారు. "మలుపులో చెప్పినట్టు వింటుంది. గతుకుల్లో కొంచెం కుదుపుతుందనుకో, అదేం లెక్క?" అని రెండేళ్లుగా కనబడ్డవాళ్లకల్లా చెబుతూనే ఉన్నారు.

ఆ కారులోనే ప్రతి మంగళవారం మధ్యాహ్నం భార్యని ఆస్పత్రికి తీసుకెళ్తారు. ఆమె జబ్బు వెన్నెముకకి పాకి నాలుగు నెలలైంది.

లోపల బట్టలు మడతపెడుతున్న కూతురు ఒక చేతిరుమాలు చూసి ఆగిపోయింది. మధ్యలో అన్నీ చిల్లులే. ఇంకోటి తీసింది, అదీ అంతే.

"అమ్మా, వీటిని ఎలకలు కొట్టాయా ఏంటి?"

తల్లి ఆ రుమాలు అందుకోబోయింది. "కారులో పళ్ల మధ్య పెట్టుకుంటానే, గతుకులొచ్చినప్పుడు అరుపు బయటికి రాకుండా. నాన్నతో అనకు."

అనకుండా ఎలా ఉంటుంది? కూతురు రుమాలు పట్టుకుని విసవిసా బయటికొచ్చింది.

"నాన్నా, షాపుకి ఎవరొచ్చినా నువ్వు మొదట ఏమడుగుతావు?"

"వెనక ఎవరు కూర్చుంటారని. పెద్దవాళ్లయితే చిన్న రిమ్ము, ఎత్తయిన టైరు వేస్తాను. గతుకంతా రబ్బరే మింగేస్తుంది. ఎందుకు?"

"మరి మన కారులో వెనక ఎవరు కూర్చుంటున్నారు?"

ఆయనకి చర్రుమంది. "టైర్ల గురించి నువ్వు నాకు చెప్తావా? మీ అమ్మ కోసం గాలి కూడా తగ్గించాను!"

కూతురు రుమాలు ఆయన చేతిలో పెట్టి, అదేంటో చెప్పింది. "ఎక్కు. వెనక ఎక్కు. నేను నడుపుతాను."

ఈ రెండేళ్లలో ఆయన ఆ సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. వీధి చివర పైపుల కోసం తవ్వి వదిలేసిన రోడ్డు మీదికి వెళ్లగానే, నిక్షేపంలాంటి ఆయన నడుమే కలుక్కుమంది. నాలుగు గజాలు పోయాక "ఆపమ్మా" అని రుమాలుతో ముఖం కప్పుకున్నారు. ఆయన ఏడవడం కూతురు చూడటం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి భార్య మంచం పక్కన కూలబడ్డారు. "ఒక్క మాట చెప్పచ్చు కదే!"

"మీరంత సరదాపడి వేసుకున్నారు. మొదటిరోజు బావుందని నేనే అన్నాను. ఇప్పుడు బాలేదని ఏ నోటితో అనను?"

షాపు మూలన పడున్న పాత చిన్న రిమ్ములు, కొత్త ఎత్తయిన టైర్లు. మధ్యాహ్నానికల్లా తానే బిగించారు. 

ఆస్పత్రిలో డాక్టరు ఆయన్ని పక్కకి పిలిచారు. "ఇంక ఆమెని ఇక్కడికి తిప్పకండి. ఇంట్లోనే, మీ దగ్గరే ఉండనివ్వండి."

తిరుగు ప్రయాణంలో కూతురు నడిపింది. ఆయన వెనక కూర్చుని భార్య తలని భుజానికి ఆనించుకున్నారు. తవ్విన రోడ్డొచ్చింది. కారు మెత్తగా దిగి మెత్తగా ఎక్కింది. మడత విప్పని రుమాలు ఆమె ఒళ్లోనే ఉంది.

"ఎంత హాయిగా ఉందండీ! వచ్చే మంగళవారం కూడా ఇలాగే నా పక్కన కూర్చుంటారా?"

"కూర్చుంటాను" అన్నారాయన. డాక్టరు మాట ఆమెకింకా చెప్పలేదు.

ఇంటి సందు కనబడగానే ముందుకి వంగి, కూతురితో మెల్లగా అన్నారు: "అమ్మా, ఇంకో చుట్టు తిప్పు."