చెప్పని ప్రార్థన అంశం

ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన అయ్యేదాకా ఎవరూ పళ్ళెం ముట్టుకోకూడదు. ఒకరి తరువాత ఒకరు పైకి ప్రార్థించాలి. చివర వెల్డింగ్ పని చేసే తండ్రి ముగిస్తాడు. తల్లి ప్రార్థన ఎప్పుడూ పొడుగే. గ్యాస్ పేలకూడదు, నిప్పురవ్వ ఆయన కంట్లో పడకూడదు, బస్సు బోల్తా కొట్టకూడదు అంటూ ఒక్కో కీడునూ పేరుపెట్టి దేవుడికి అప్పజెబుతుంటే, తండ్రి మధ్యలోనే ఆమెన్ అనేసి ఆపుతుంటాడు.

ఆ ఉదయం కూతురి వంతు వచ్చింది. భర్తతో గొడవపడి పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచీ చేస్తున్నట్టే, కళ్ళు మూసుకుని ఊరుకుంది. గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది.

తల్లి కళ్ళు తెరిచి కూతురిని చూసింది. ఈ పిల్లకి విశ్వాసం పోయిందా, లేక ఏ అఘాయిత్యమైనా తలపెట్టిందా? భయం ముదిరితే ఆమెకు వచ్చేది కోపమే. తెరిచిన కళ్ళు మళ్ళీ మూసుకుంది.

"ప్రభువా, నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్న ఈ పిల్లకి బుద్ధి ప్రసాదించు. కన్నవాళ్ళని ఇలా కాల్చుకు తినకుండా..."

"నన్ను తిట్టాలంటే నన్నే తిట్టమ్మా," అంది కూతురు. "మధ్యలో దేవుణ్ణెందుకు పెడతావు?"

తండ్రి బల్ల మీద అరచేత్తో చరిచాడు. ఈ కొంపలో దైవభయం ఉందా లేదా అన్నాడు. ఇల్లంతా నోరు తెరిచి వేడుకుంటుంటే తనొక్కతే మూగదానిలా కూర్చోవడం ఏం పొగరన్నాడు. కూతురు కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"పోయిన నెల వచ్చినప్పుడు ఇక్కడే పైకి ప్రార్థించాను నాన్నా. కడుపు పోయాక మళ్ళీ మోయాలంటే భయమేస్తోంది ప్రభువా అన్నాను. అది పైకి చేరిందో లేదో తెలీదు. ఆదివారానికల్లా మా అత్తగారికి మాత్రం చేరింది."

తల్లికి అర్థమైంది. చర్చిలో స్త్రీల సహవాసం నడిపే టీచరమ్మ వారం వారం అందరినీ ప్రార్థన అంశాలు, అంటే ఎవరి కోసం ఏమని వేడుకోవాలో, అడుగుతుంది. ఆ వారం కూతురి మాటని ఏడుస్తూ చెప్పింది తనే. అందరూ చేతులు పట్టుకుని ఎంతో ప్రేమగా ప్రార్థించారు. ఆ ప్రేమే చెవులు మారి మారి, 'నీ పెళ్ళాం పిల్లలే వద్దంటోందట' అన్న మాటగా అల్లుడి దగ్గర తేలింది.

"ప్రార్థన చెయ్యమనే కదే చెప్పాను," అంది తల్లి, గొంతు పెంచి. "నీ కోసం కాకపోతే ఎవరి కోసం?"

"నువ్వు పంచిపెట్టింది నీ భయం కాదమ్మా. నాది."

తల్లి కుర్చీ దిగి మోకరించి కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది, మూసింది. ఇన్నేళ్ళుగా నాలుక చివరే ఉండే గ్యాసూ బస్సూ ఒక్కటీ రాలేదు. ఆమెన్ అందామంటే తండ్రికి ఆపడానికి ఏమీ దొరకలేదు. చరిచిన చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

కూతురు తల్లి పక్కన నేల మీద కూర్చుంది, కొంచెం ఎడంగా.

"ప్రభువా, మళ్ళీ నెల తప్పింది," అంది మెల్లగా. "మా ఆయనకింకా చెప్పలేదు. భయంగా ఉంది. అమ్మ మీద కోపం పోలేదు."

డాక్టరుకి చూపించావా, నడుం నొప్పి ఉందా, బరువులెత్తావా... అన్నీ తల్లి గొంతుదాకా వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తడిసింది.

బల్ల మీద ఫోన్ మోగితే తల్లి లేచి తీసింది. టీచరమ్మ. ఈవారం ప్రార్థన అంశం ఏమైనా ఉందా అని అడుగుతోంది.

తల్లి కూతురి వైపు చూసింది. కూతురు చూపు తిప్పుకోలేదు.

"ఉందండీ," అంది తల్లి. "చెప్పను."

ఫోన్ పెట్టేసింది. కూతురు లేచి, బల్ల మీది పళ్ళెం ఆమె ముందుకు జరిపింది.

"తిను," అంది, ఇంకా కటువుగానే. "చల్లారిపోయింది."