తొమ్మిదిన్నరకే మూడయింది

ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళ వీధి వెనకాల ఒక ఇరుకు సందు ఉంది. 2006లో, రంజాన్ నెల మొదలైన ఆ మూడు రోజులూ, రాత్రి తొమ్మిది దాటాక ఆ సందులోకి రమ్మంటే ఒక్క ఆటోవాడూ వచ్చేవాడు కాదు. స్టేషన్ దగ్గర బేరం కుదిరి, సామాన్లెక్కించాక సందు పేరు వింటే మళ్ళీ దింపేసేవారు. సందు మధ్యలో ఉన్న మగ్గం షెడ్డులో దెయ్యం ఉందిట. తాళం వేసి, దీపం ఆర్పేసిన షెడ్డులోంచి... చచ్చిపోయిన మనిషి పేరుపేరునా పిలుస్తున్నాడుట.

ఉందిట, పిలుస్తున్నాడుట. ఈ మాటలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ గొంతు విని ఇరవై ఏళ్ళపాటు నిద్ర లేచినవాళ్ళే దాన్ని దెయ్యమన్నారు. పరాయివాళ్ళంటే పోనీలే అనుకుందును.

నాకిదంతా చెప్పింది బుల్లిరాజు. స్టేషన్ దగ్గర ఆటో నడిపేవాడు. కిరాయి విషయంలో ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు గానీ, తను భయపడ్డ సంగతి దాచుకునే రకం కాదు.

షంషుద్దీన్ అని, ఆ షెడ్డులో తివాచీలు నేసేవాడు. పగలంతా మగ్గం. రంజాన్ నెలలో మాత్రం ఇంకో పని పెట్టుకునేవాడు. ఉపవాసం ఉండేవాళ్ళు తెల్లవారకముందే లేచి, వండుకుని తినాలి. దాన్ని సహరీ అంటారు. వాళ్ళని లేపడానికి మూడింటికి చేతికర్ర పుచ్చుకుని బయల్దేరేవాడు. ప్రతి గేటు మీదా కర్రతో రెండుసార్లు తట్టి, "మూడయింది... లేవండమ్మా... లేవండి బాబూ..." అని సాగదీసి పిలిచేవాడు.

ఎవరూ ఆయనకి జీతం ఇవ్వలేదు. వానలో వెళ్ళాడు, జ్వరంలోనూ వెళ్ళాడు. ఆయన గొంతు వినబడ్డాక గడియారం చూసుకోనక్కర్లేదని ఆ సందులో హిందువులూ అనేవారు, ముస్లిములూ అనేవారు. వేళ తప్పకపోవడమే ఆయనకున్న పరువు. ఆస్తి అంటూ ఇంకేమీ లేదు.

ఆ ఎండాకాలంలో గుండెనొప్పి వచ్చి పోయాడు.

రంజాన్ నెలవంక కనబడిన రాత్రి. బుల్లిరాజు ఎవరినో దింపి, ఖాళీ ఆటోతో ఆ సందులోంచి వస్తున్నాడు. మగవాళ్ళంతా మసీదులో నమాజుకి వెళ్ళారు. సందులో అలికిడి లేదు. షెడ్డు ముందు ఆటో ఆపి, బీడీ ముట్టించుకుందామని అగ్గిపెట్టె తీశాడు...

"మూడయింది..."

చేతిలో పుల్ల కిందపడింది.

"మూడయింది... లేవండమ్మా... లేవండి బాబూ..."

షెడ్డు తలుపుకి తాళం వేలాడుతోంది. కిటికీ రెక్క ఓరగా ఉంది, లోపల చీకటి. బుల్లిరాజు వాచీ చూసుకున్నాడు. తొమ్మిదిన్నర. ఆ మనిషిని సాగనంపడానికి వెళ్ళి, స్వయంగా పిడికెడు మట్టి వేసి వచ్చినవాడు వాడు.

గొంతు ఆగింది. హమ్మయ్య అనుకునేలోగా లోపల ఎవరో దగ్గారు. ఆ తర్వాత... బాగా దగ్గర్నుంచి, చాలా మెల్లగా —

"ఇంకోసారి చెప్పమంటావా?"

బుల్లిరాజు ఆటో అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

మర్నాడూ అదే వేళకి అదే పిలుపు. ఈసారి సందులో ఆడవాళ్ళంతా విన్నారు. పిల్లల్ని లోపలికి లాగి తలుపులేసుకున్నారు. తీరని కోరికేదో ఉండిపోయిందని ఒకావిడ తేల్చేసింది. తెల్లబట్టలు కూడా చూశానని ఇంకొకావిడ చెప్పింది. పగటిపూట ఎదురుగా నిలబడ్డ మనిషే ఆవిడ కళ్ళకి ఆనడు. చీకట్లో మాత్రం బట్టల రంగుతో సహా కనబడిందిట.

మూడో రోజు మధ్యాహ్నం షెడ్డు యజమాని రిజ్వాన్, షంషుద్దీన్ భార్య కుల్సుమ్‌నీ, కొడుకు సాజిద్‌నీ పిలిపించాడు. రిజ్వాన్ తివాచీల వ్యాపారి. షంషుద్దీన్ జీవితమంతా ఆయనకే నేశాడు. వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన పోయాక కూతురు రేహానా ఆ షెడ్డులోనే మగ్గం పక్కనున్న అన్న కంప్యూటర్ మీద, పెళ్ళి కార్డులూ, కాలేజీ పిల్లల ప్రాజెక్టులూ కొట్టి ఇల్లు నడుపుతోంది. శుక్రవారంలోగా షెడ్డు ఖాళీ చేయమన్నాడు రిజ్వాన్. తాళం వేయించి, దెయ్యం వదిలేలా దువా చదివించి, ఆ తర్వాత మగ్గం పీకించేస్తానన్నాడు.

దెయ్యం మాట ఆ కుటుంబం వినడం అదే మొదలు. వాళ్ళ గురించిన మాట అందరికన్నా చివర వాళ్ళకే చేరింది.

సాజిద్ వెంటనే ఒప్పేసుకున్నాడు. అది నాన్నగారి గొంతేనండీ, నేనే పెట్టాను, అన్నాడు. కిందటేడు తండ్రిని మగ్గం పలక మీద కూర్చోబెట్టి, మైకు ముందు ఆ పిలుపు చెప్పించి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. రికార్డయిందో లేదో తెలీక ఆయన "ఇంకోసారి చెప్పమంటావా?" అని అడిగాడు. ఆ ముక్క చెరపడానికి సాజిద్‌కి మనసొప్పలేదు. ఈ ఏడు ఆయన లేకపోయినా సందు ఆ గొంతుతోనే లేవాలని, స్పీకర్లు కిటికీ వైపు తిప్పి, మూడింటికి మోగేలా పెట్టాడు. ముందే చెబితే బాగోదని ఎవరికీ చెప్పలేదు.

రిజ్వాన్ విన్నాడు. విని, నింపాదిగా అడిగాడు.

"మూడింటికి పెట్టావు కదా. మరి తొమ్మిదిన్నరకి ఎవరు పలికిస్తున్నారు?"

మూడింటికి గొంతు వినలేదని అక్కడున్న నలుగురూ చెప్పారు. సాజిద్ ఇంటి దగ్గర ఉంటాడు, షెడ్డు శబ్దం అంతదూరం రాదు. రోజూ మోగుతోందనే అనుకున్నాడు. ఇప్పుడు వాడి మొహమే పాలిపోయింది.

"పోయినవాళ్ళకి వేళాపాళా ఉండదమ్మా. మీ తప్పేం లేదు," అని ఓదార్చబోయాడు రిజ్వాన్.

అప్పటిదాకా తలొంచుకు కూర్చున్న కుల్సుమ్ లేచి నిలబడింది. దెయ్యమన్నందుకు కాదు ఆవిడకి కోపం.

"ఆయన దెయ్యమే అయ్యారనుకోండి. అయినా సరే... తొమ్మిదిన్నరకి మూడయిందని మాత్రం చెప్పరండీ."

ఆ రాత్రి ఆవిడ షెడ్డులో కూర్చుంది. సాజిద్, రేహానా పక్కన ఉన్నారు. వదిలేసిన ఆటో తీసుకెళ్ళడానికి అప్పటికి గానీ ధైర్యం చేసి రాని బుల్లిరాజుని కూడా కూర్చోమంది. కాదనే ధైర్యం లేక వాడు గుమ్మంలోనే, ఒక కాలు బయట పెట్టుకుని కూర్చున్నాడు.

రేహానా కార్డుల పని ముగించి కంప్యూటర్ ఆపింది. సాజిద్ రోజూలాగే మళ్ళీ ఆన్ చేశాడు. ఆ పెట్టెలో రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. చెల్లెలి పనికి విండోస్, వాడి ఇంజనీరింగ్ చదువుకి లినక్స్. పిలుపు పెట్టింది లినక్స్‌లో. రోజూ అది మొదలవగానే తెర ఆపేసి, తాళం వేసి, నమాజుకి పరిగెత్తేవాడు. ఆ రోజు మాత్రం తెర ఆపలేదు.

దీపం తీసేశారు. మగ్గం మీద సగం నేసిన తివాచీ అలాగే ఉంది. కుల్సుమ్ చేతిలో ఆయన వాచీ. తెర వెలుగులో దాన్ని చూసింది. తొమ్మిదీ ఇరవై తొమ్మిది.

తెర మూలన బుల్లిరాజుకి అంకెలు కనబడ్డాయి. రెండూ యాభై తొమ్మిది.

వాడు ఏదో అనబోయాడు.

"మూడయింది... లేవండమ్మా... లేవండి బాబూ..."

ఆయన పోయాక ఆవిడ ఆ గొంతు వినడం అదే మొదటిసారి. కదల్లేదు. వాచీ మీద పిడికిలి బిగిసింది. ఆయన దగ్గు వినబడింది. ఆ తర్వాత —

"ఇంకోసారి చెప్పమంటావా?"

"చెప్పండి," అంది కుల్సుమ్.

షెడ్డులో ఇంకే చప్పుడూ లేదు. ఆవిడ చాలాసేపు ఎదురుచూసిందనీ, ఆ నిశ్శబ్దానికి భయపడ్డంతగా తను ఆ గొంతుకి కూడా భయపడలేదనీ బుల్లిరాజు చెప్పాడు.

అప్పుడు వచ్చింది కోపం. ఎవర్రా ఈ టైము పెట్టింది, అని కొడుకు మీద విరుచుకుపడింది. మీ నాన్న నోట అబద్ధం పలికించింది ఎవరు?

రేహానా ఏడుపు మొదలుపెట్టింది. "నేనే అమ్మీ. నువ్వే చెప్పావు కదా..."

నెలవంక కనబడిన సాయంత్రం షెడ్డుకి వచ్చిన కుల్సుమ్ విండోస్‌లో టైము చూసింది. ఐదున్నర గంటలు వెనక ఉంది. ఆయన కూర్చున్న చోట తప్పుడు గడియారమా, నలుగురూ నవ్వరూ, అని కూతుర్ని చీవాట్లేసింది. రేహానా తండ్రి వాచీ చూసి, నిమిషం తేడా లేకుండా సరిచేసింది.

సాజిద్ నుదురు కొట్టుకున్నాడు. వాడు తల్లికి చెప్పినట్టే చెబుతాను. ఆ పెట్టెలో గడియారం ఒక్కటే. వాడుకునేవాళ్ళు ఇద్దరు. ఒకే ఇంట్లో రెండు వాటాలుండి, వసారాలో ఒకటే గోడ గడియారం ఉన్నట్టు. విండోస్ అందులో మన టైము ఉందనుకుని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. లినక్స్ అందులో లండన్ టైము ఉందనుకుని, దానికి ఐదున్నర గంటలు కలిపి మన టైము చెబుతుంది. సాజిద్ లినక్స్‌లో టైము సరిగ్గా పెట్టినప్పుడు లోపలి గడియారం లండన్‌కి మారింది. అందుకే విండోస్‌లో వెనకబడి కనిపించింది. రేహానా దాన్ని ఏలూరుకి మార్చింది. ఆ కబురు లినక్స్‌కి చెప్పినవాళ్ళు లేరు. అది పాత అలవాటు కొద్దీ తొమ్మిదిన్నరకి ఐదున్నర కలుపుకుని, మూడయిందని పిలిచింది.

తప్పు ఎవరిదీ కాదు. అందరూ సరిచేసినవాళ్ళే.

ఇక్కడి గడియారం ఏలూరుదే, నువ్వేమీ కలపక్కర్లేదు అని సాజిద్ లినక్స్ సెట్టింగుల్లో ఒక్క మాట మార్చాడు. తెర మీది టైముని కూడా వాచీకి సరిపెట్టాడు. ఆపి, విండోస్‌లో చూశాడు. మళ్ళీ ఆపి, లినక్స్‌లో చూశాడు. రెండు చోట్లా కుల్సుమ్ చేతిలోని వాచీలో ఉన్న టైమే. ఆవిడ తనే వంగి, రెండుసార్లూ సరిచూసుకుంది.

ఈలోగా మసీదు నుంచి జనం వచ్చారు. ముందు రిజ్వాన్. సాజిద్ చెప్పిందంతా విని అందరూ హాయిగా నవ్వుకున్నారు. అదిగో, అక్కడే నాకు మండుతుంది. మూడు రోజులు ఒక మంచి మనిషి పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టి, నాలుగో నిమిషంలో నవ్వేస్తే సరిపోతుందా?

షెడ్డు ఖాళీ చేయక్కర్లేదన్నాడు రిజ్వాన్. పనిలో పనిగా ఇంకో మాట కూడా అన్నాడు. రెండు రోజులుగా లేపేవాళ్ళు లేక సందులో సగం మంది తినకుండానే ఉపవాసం ఉంటున్నారు, టైము సరిపోయింది కదా, ఇక మూడింటికి మోగనివ్వండి, అని.

కుల్సుమ్ లోపలికి వెళ్ళింది. స్పీకర్ల వైర్లు పీకి, చుట్టచుట్టి, చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మీరంతా దెయ్యమన్నారు కదండీ. దెయ్యం పిలిస్తే లేస్తారా?"

వైర్ల చుట్ట కొంగులో మూటకట్టుకుంది.

"ఆయన గొంతు నా ఇంట్లో ఉంటుంది. మీకు గడియారాలున్నాయి. లేవండి."

తాళం వేసి వెళ్ళిపోయింది.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఆ తెల్లవారుజామున బుల్లిరాజుకి రైలు దిగినవాళ్ళ కిరాయి ఒకటి తగిలింది. దెయ్యం లేదని తేలింది గనక ఆ సందులోంచే వెనక్కి వస్తున్నాడు. కరెంటు పోయింది. వీధి దీపాలు లేవు, షెడ్డులో ఏ పెట్టే పలకడానికి లేదు. వైర్లు రెండు వీధుల అవతల కుల్సుమ్ ఇంట్లో ఉన్నాయి.

టక్... టక్.

గేటు మీద కర్ర.

వాడు బ్రేకు మీద కాలేశాడు. షంషుద్దీన్ షెడ్డులో కూర్చుని మైకు ముందు చెప్పాడు గదా... రికార్డులో కర్ర చప్పుడు లేదు.

టక్... టక్. ఇంకో గేటు. దగ్గరికి వస్తోంది.

వాచీ చూసుకున్నాడు. సరిగ్గా మూడు.

హెడ్‌లైటు వేశాడు. వెలుగులో షంషుద్దీన్ చేతికర్ర కనబడింది. దాన్ని పట్టుకున్న చెయ్యి కనబడింది. కుల్సుమ్.

తట్టడం కాదది, బాదడం. గేటు గేటుకీ ఆగి, పళ్ళు బిగించి బాదుతోంది. "మూడయింది... లేవండి... విశ్వాసం లేని మనుషుల్లారా, లేచి తినండి... పిల్లలకి నీళ్ళు పట్టండి..." తిట్టు తిట్టుకీ ఒక ఇంట్లో కిరసనాయిల్ దీపం వెలుగుతోంది. బుల్లిరాజు లైటు ఆర్పలేదు. ఆవిడ వెనకాలే, నడకంత వేగంతో, దారి కనబడేలా ఆటో నడిపించాడు.

చివరిది రిజ్వాన్ ఇల్లు. అప్పటికే లోపల దీపం ఉంది. అయినా బాదింది. రిజ్వాన్ తలుపు తీసి గేటు దాకా వచ్చాడు, తలెత్తకుండా నిలబడ్డాడు.

"లేచానమ్మా," అన్నాడు.

కుల్సుమ్ కర్ర దించలేదు.

"ఇంకోసారి చెప్పమంటారా?"