ఆళ్లగడ్డలో దాచిన సాక్షి

"సాక్షి బతకాలి," అన్నాడు సూపరింటెండెంట్ హార్డింగ్, పైపు వెలిగిస్తూ. "ఆళ్లగడ్డలో రైతుల గుంపు మీద మన పోలీసులు కాల్పులు జరిపారు. ఎంక్వయిరీ వేశారు. హెచ్చరిక లేకుండా కాల్చారని చెప్పగలిగేవాడు ఒక్కడే, రంగయ్య. కొడుకు అతని కళ్లముందే పోయాడు. మనవాళ్లే కొందరు అతన్ని చంపాలని చూస్తున్నారు. ఎంక్వయిరీ కమిషనర్ ఆళ్లగడ్డ వచ్చేదాకా అతన్ని దాచు. టాప్ సీక్రెట్!"

సీఐడీ ఏజెంట్ యేసుదాసు ఛాతీ పొంగింది. 1931లో, తెల్లదొరల డిపార్ట్‌మెంట్‌లో న్యాయమెరిగిన దొర ఒకడున్నాడని మురిసిపోయాడు, పిచ్చి మారాజు!

సువార్త పుస్తకాలమ్మే వేషంలో ఆళ్లగడ్డ చేరాడు. చేతిలో బైబిలు, నడుముకు రివాల్వర్. రంగయ్యను పద్మమ్మ అనే ముసలామె కొట్టంలో అటక మీద దాచాడు.

"దొర ఎప్పుడొస్తాడప్పా?" రంగయ్య రోజూ అడిగేవాడు. "నా బిడ్డను ఎట్ల కాల్చినారో చెప్పాల. చెప్పినాక సచ్చినా పర్వాల్యా."

"వస్తాడన్నా. నాది పూచీ."

ఒక మధ్యాహ్నం వాకిట్లో కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, జార్జెట్ చీర, గుప్పుమన్న సెంటు. హార్డింగ్ స్టెనో లూదియా!

"యోహాను సువార్త ఉందా?" అదే కోడ్ వర్డ్.

"ఉంది. అట్ట చినిగింది."

"ఇంకా పుస్తకాలమ్ముకుంటాండావా? కమిషనర్ ఈడికి రాడు. నంద్యాల బంగళాలోనే కూర్చున్నాడు. సాక్షులెవరూ రాలేదని రిపోర్టు నేనే టైపు చేసినా. సాయంత్రం సంతకం."

"నువ్వు దొర మనిషివి గదా! ఎట్ల నమ్మేది?"

"జీతం దొరది. పని కాంగ్రెస్‌ది. బేగా రా."

యేసుదాసుకు అప్పుడర్థమైంది. రంగయ్యను చంపేవాళ్లెవరూ లేరు. అతన్ని ఎంక్వయిరీకి దూరంగా దాచడమే కుట్ర. నమ్మిన దొర యేసుదాసు చేతులతోనే ఆ తండ్రి నోరు మూయించాడు!

లూదియా ఎత్తుకొచ్చింది హార్డింగ్ కారునే. రంగయ్యను వెనక సీటు కింద పడుకోబెట్టారు. దారి పొడుగునా పోలీసులు దొరగారి కారనుకుని గేట్లెత్తి సెల్యూట్లు కొట్టారు.

బంగళాలో హార్డింగ్ పక్కన కూర్చుని చూస్తుండగా కమిషనర్ కలం సిరాలో ముంచాడు.

"ఆగండి సార్!" యేసుదాసు తలుపు తోసుకొచ్చాడు. "సాక్షి వచ్చినాడు!"

రంగయ్య వణకలేదు. "ఒక్క మాటన్నా చెప్పకుండా కాల్చినారు సామీ. నా బిడ్డ చేతిలో కట్టె గూడా ల్యాదు."

కమిషనర్ రిపోర్టు చించేశాడు.

యేసుదాసు హార్డింగ్ వైపు చూశాడు. కనీసం తలైనా దించుకుంటాడనుకున్నాడు. హార్డింగ్ నవ్వుతూ లేచి, అతని భుజం తట్టాడు.

"సార్, ఇన్నాళ్లూ ఈ సాక్షిని ప్రాణాలతో కాపాడింది నా డిపార్ట్‌మెంటే."

సాక్షిని కాపాడినందుకు హార్డింగ్‌కు మెడల్ వచ్చింది. అదే సాక్షిని దాచినందుకు యేసుదాసు ఉద్యోగం ఊడింది.