కోడలు చెప్పిన అర్థం

ఓబులేసు మగ్గం గుంటలోకి దిగి పలకల మీద కాళ్లు పెట్టేసరికే వంటింట్లో అత్తాకోడళ్ల మాటలు మొదలయ్యాయి.

“నిన్న యాడ ఆగిపోయినాము చందనా? ఆ పిల్లోడు నీళ్లలో తన నీడ లేదని చూసుకున్నాడా, లేదా?” అడిగింది కౌసల్యమ్మ, ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండుతూ.

“చూసుకోబోయినాడత్తా. అంతలోకే కరెంటు పోయింది.”

“పాడు కరెంటు! సరిగ్గా ఆ పొద్దుకే పోవల్లనా?”

మగ్గం చప్పుడు ఆగింది. “తెల్లారితే ఆ కొరియావోళ్ల దెయ్యం కతేనా? ఇంట్లో పిల్లోడు పోయి ఏడాది తిరిగిందో లేదో, అత్తాకోడళ్లు సినిమాలు చూస్తాండారని వీధిలో అనుకుంటాండారు,” అన్నాడు ఓబులేసు.

“అనుకోనీలే. వాళ్లొచ్చి నా ఏడుపు ఏడుస్తారా?” అంది కౌసల్యమ్మ. మగ్గం మళ్లీ కదిలింది.

వాళ్ల ఒక్కగానొక్క కొడుకు బాలాజి నిరుడు పెనుకొండ దగ్గర హైవే మీద బండి లారీ కింద పడి పోయాడు. ధర్మవరంలో చీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీయడం అతని పని. పెళ్లయి రెండేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత కౌసల్యమ్మ మంచం దిగలేదు. ముద్ద నోటికందిస్తే పక్కకు తిరిగిపోయేది. పుట్టింటికి రమ్మన్నా పోకుండా చందనే ఆమెను కనిపెట్టుకుని ఉండిపోయింది.

ఒకరోజు చందనతో హిందూపురంలో డిగ్రీ చదివిన యశోద చూడవచ్చి, వాళ్లన్న బెంగళూరులో కొన్న డిస్కులు కొన్ని ఇచ్చి వెళ్లింది. అదొక కొరియా సీరియల్. సముద్రం ఒడ్డున చిన్న హోటలు నడిపే ఒకమ్మాయి. చేపలకు పోయి మునిగిపోయిన ఆమె మొగుడు మళ్లీ ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటాడు. తాను చనిపోయిన సంగతి అతనికి తెలియదు. అతను ఆమెకు తప్ప మరెవరికీ కనబడడు. తాను చనిపోయానని తెలిసిన రోజున అతను వెళ్లిపోవలసిందే. అందుకే, తన నీడ పడడం లేదని అతను చూసుకోకుండా ఆమె ఇంట్లో అద్దాలన్నీ తీసేసి, ఆ సంగతి దాచిపెట్టి, రోజూ అతనికి వండి పెడుతుంటుంది.

చందన బాలాజి కంప్యూటర్లో దాన్ని చూస్తుండగా మంచినీళ్లకు లేచిన కౌసల్యమ్మ గడపలో ఆగిపోయింది. తెర మీద, చచ్చిపోయిన కొడుకు లాంటి కుర్రాడు అన్నం గిన్నె ముందు కూర్చున్నాడు. ఆమె అలాగే నేల మీద కూలబడి, “ఏమంటాండాడు?” అని అడిగింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు అదే పని. వాళ్ల భాష ఇద్దరికీ రాదు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను బొమ్మ ఆపి ఆపి చదువుకుని, చందన అర్థం చెప్పేది. “ఇంకొంచెం పెట్టు అంటాండాడత్తా,” అంటే కౌసల్యమ్మ కళ్లు తుడుచుకునేది. “ఆ సన్న పుల్లల్తో తింటే వానికి కడుపెట్లా నిండుతుంది?” అనేది. తన పళ్లెంలో అన్నం కూడా కలుపుకునేది.

ఉగ్గాని తిని చేతులు కడుక్కుంటుండగా చందన తండ్రి హనుమంతరాయుడు వచ్చాడు. పరిగి నుంచి తెల్లవారుజామునే బయలుదేరినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాసేపు వానల గురించి మాట్లాడి, చివరికి గొంతు సవరించుకున్నాడు.

“చెల్లెమ్మా, మీకు తెలీకుండా నేనేమీ చెయ్యను. రొద్దంలో ఒక సంబంధం ఉండాది. స్కూల్లో గుమాస్తా. పెండ్లాం కాన్పులో పోయింది. నెమ్మదస్తుడు. ఊరికే ఒకసారి చూసుకుంటామంటాండారు.”

కౌసల్యమ్మ మొహం మాడిపోయింది. “అప్పుడే నా కొడుకును మరిచిపోవల్లనా అన్నా?”

“ఎవరు మరిచిపొమ్మన్నారు చెల్లెమ్మా? పాపది ఇరవై నాలుగేండ్ల వయసు. ఇట్లే ఎన్నాళ్లు?”

“నా కోడలు యాడికీ రాదు. కావల్లంటే దాన్నే అడుగు!”

మగ్గం ఎప్పుడో ఆగిపోయింది. అందరూ చందన వైపు చూశారు. ఆమె గుంజ పట్టుకుని, అత్త మొహంలోకి ఒకసారి చూసి తల దించుకుంది.

“నేను ఈడే ఉంటా నాయనా. నాకు ఈడ బాగుండాది.”

హనుమంతరాయుడు కూతురి వైపు చాలాసేపు చూశాడు. “సరేమ్మా. సాయంత్రం బండికి పోతా,” అన్నాడు. ఓబులేసు గుంటలోంచి లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేసి టీ తాగడానికి బజారుకు తీసుకుపోయాడు. కౌసల్యమ్మకు గెలిచినట్టనిపించింది.

మధ్యాహ్నం ఆమే కంప్యూటర్ ముందు చాప పరిచింది. “ఇయ్యాళ ఆఖరిది కదా, పెట్టు.”

“తలనొప్పిగా ఉండాది. రేపు చూద్దామత్తా.”

“రేపటిదాకా నేనాగలేను. పెట్టు పాపా.”

చందన పెట్టింది. సముద్రం ఒడ్డు, సన్నగా వాన. ఆ అమ్మాయి మొగుడి రెండు చేతులూ పట్టుకుని ఏదో చెబుతోంది. ఏడుస్తూ, ఆగుతూ, మళ్లీ చెబుతోంది. కింద రెండేసి వరుసల అక్షరాలు వస్తున్నాయి, పోతున్నాయి. చందన బొమ్మ ఆపడం లేదు.

“ఏమంటాండాది?”

“నువ్వు యాడికీ పోవద్దంటాండాదత్తా.”

“అంతేనా?”

“అంతే.”

తెర మీద అతను ఆమె తల నిమిరాడు. మెల్లగా వెనుదిరిగి నీళ్లలోకి నడిచాడు. ఆమె అతని వెంట పరుగెత్తలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

“ఆపు దాన్ని,” అంది కౌసల్యమ్మ. “పోవద్దంటే వాడెందుకు పోతాండాడు? ఆ పిల్ల అంతసేపు మాట్లాడితే నువ్వు ఒక్క ముక్క చెప్తాండావు. నిజం చెప్పు. ఏమనింది?”

చందన తెర వైపే చూస్తూ చెప్పింది. “‘నువ్వు చచ్చిపోయినావు. నీకు చెప్పకుండా దాచిపెట్టినా. నీ కోసం కాదు, నేను ఒంటరిగా ఉండలేక. నువ్వింక పో. నేను బతుకుతా’ అనింది.”

కౌసల్యమ్మ కోడలి వైపు తిరిగింది. “ముందునుంచీ ఇట్లే చెప్తాండావా నాకు?”

“ఆయప్ప చానా దినాలనుంచి ఆకలి లేదు, అలిసిపోయినా అంటానే ఉన్నాడత్తా. నేనే ‘ఇంకొంచెం పెట్టు’ అంటాండాడని చెప్తాంటి.”

“ఎందుకు?”

“అట్లా చెప్పినప్పుడు నువ్వు అన్నం తింటాంటివి.”

కొడుకు పోయాక తనకు ఎవరు పెట్టారో, తను తింటుందా లేదా అని ఎవరు చూశారో కౌసల్యమ్మకు తెలుసు. కానీ ఈ పిల్ల తిన్నదా అని తను ఒక్కపూటైనా అడిగిందా?

“పొద్దున మీ నాయనకు చెప్పింది గూడా ఇట్లాంటి అర్థమేనా?” అంది.

చందన మోకాళ్లలో మొహం దాచుకుంది. “పోవల్లనే ఉండాదత్తా. అట్లా అనిపించినందుకు నా మింద నాకే రోత పుడతాంది. ఆయన్ని నేను మరిచిపోలేదు. కానీ ఈ ఇంట్లో ఆయన సామాన్ల మాదిరి నేనూ ఒక సామానైపోయినా.”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కౌసల్యమ్మ కోడల్ని దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ పెద్దగా ఏడ్చారు. పక్కింటివాళ్లు తొంగిచూసినా పట్టించుకోలేదు. ఓబులేసూ హనుమంతరాయుడూ తిరిగొచ్చి గడప దగ్గరే నిలబడిపోయారు.

“అన్నా,” అంది కౌసల్యమ్మ, కొంగుతో మొహం తుడుచుకుని. “పాప పొద్దున నా కోసరం చెప్పింది. దాని మాట అది కాదు. దాన్ని నీ వెంట తోడుకపో.”

సాయంత్రం స్టేషన్లో బండి వచ్చింది. హనుమంతరాయుడు సంచులు ఎక్కించాడు. చందన మెట్టు మీద నిలబడి అత్త చేయి వదలలేదు.

“రొద్దం ఆయప్పను చూడు. మాట్లాడు. నీ మనసుకు నచ్చితేనే ఊ అను,” అంది కౌసల్యమ్మ. “మీ నాయన చెప్పినాడనో, నేను చెప్పినాననో తలూపొద్దు. నచ్చకుంటే ఈడికి రా, ఇల్లు నీదే. కానీ నా కోసరమని మాత్రం రావద్దు.”

బండి కదిలాక ఆమె ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుండిపోయింది. ఓబులేసు పక్కనే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున ఇల్లంతా బోసిగా ఉంది. ఓబులేసు గుంటలో కూర్చున్నాడు గానీ నెయ్యడం లేదు. కౌసల్యమ్మ కాఫీ తెచ్చి గట్టు మీద పెట్టింది.

“ఏమే,” అన్నాడతను, ఆమె వైపు చూడకుండా. “ఆ కత చివరికేమాయె?”

కౌసల్యమ్మ నేల మీద చతికిలబడి మొదటినుంచీ చెప్పింది. మునిగిపోయినవాడు ఇంటికి రావడం, అన్నానికి కూర్చోవడం, ఆ పిల్ల దాచిపెట్టడం. కొడుకును మట్టి చేసిన రోజు కూడా ఎవరి ముందూ ఏడవని ఓబులేసు గడ్డం వణికింది. తడిసి మగ్గం మీది పట్టు పాడవుతుందని మొహం పక్కకు తిప్పుకున్నాడు. కన్నీళ్లు గుంటలోకి, తన పాదాల మీదకు రాలాయి.

వానలో ఆ పిల్ల చెప్పిన మాటల దగ్గరికొచ్చేసరికి కౌసల్యమ్మ గుంట అంచుకు జరిగింది. మొగుడి భుజం పట్టుకుని, ఒక్క మాట కూడా దాచకుండా చివరిదాకా చెప్పింది.