రేటు పడితే లేచే దెయ్యం

"కొమ్మ వస్తోంది, కోడలా, తప్పుకో…
మాను వస్తోంది, మరదలా, తప్పుకో…"

మూడో పాదం గుర్తు రావడం లేదు. అందులో నిద్ర మాట ఏదో ఉండేది. చిన్నప్పుడు ఆడపిల్లలం రెండు వరసల్లో నిలబడి, ఒక వరస పాడుతుంటే రెండో వరస పక్కకి గెంతేవాళ్ళం. గెంతనిది ఓడిపోయినట్టు. ఆ పాట ఎక్కడిదో, ఎవరి కోసం కట్టారో అప్పట్లో ఎవరమూ అడగలేదు. మా మరిది ఈ సంగతి చెప్పాకే తెలిసింది, అది ఆడపిల్లల ఆట కోసం పుట్టిన పాట కాదని.

కొండ వెనక ఒక లోయ ఉంది. చుట్టుపక్కల వాలులన్నీ నరికేసినా ఆ లోయలో మాత్రం మానులు అలాగే నిలబడి ఉన్నాయి. తల పూర్తిగా వెనక్కి వాలిస్తే తప్ప చిటారు కొమ్మ కనపడదు. అంత కలప ఎదురుగా ఉన్నా ఎవరూ చెయ్యి వెయ్యలేదంటే, దానికున్న చెడ్డపేరు అలాంటిది.

ఇద్దరు మనుషులు చెరో పక్కనా కూర్చుని రంపం లాగే రోజుల్లో అడవి పనిలో ఒక కట్టుబాటు ఉండేది. ఆఖరి లాగు లాగే ముందు రంపం ఆపేవాళ్ళు. పెద్ద గొంతున్నవాడు "వస్తోందీ…" అని కేకవేసేవాడు. కింద వాలులో ఉన్న ప్రతివాడూ, ఎవరి మటుకు వాడు, "తప్పుకున్నా" అని బదులివ్వాలి. అన్ని గొంతులూ పలికాయని తేలితేనే ఆఖరి లాగు. ఒకడి తరఫున ఇంకొకడు పలక్కూడదు.

ఒకసారి ఒకడు పలికాడు.

తోటివాడు దుంగ చాటున కునుకు తీస్తున్నాడు. పాపం పడుకోనీలే, మాను ఇటు పడదులే అనుకుని, గొంతు మార్చి వాడి తరఫున కూడా తనే "తప్పుకున్నా" అన్నాడు. స్నేహం కొద్దీ చేసిన పనే.

మాను ఇటే పడింది.

అప్పట్నుంచీ చీకటి పడ్డాక ఆ లోయలో కేక వినిపిస్తుందంటారు. "వస్తోందీ…" అని. కేకవేసి ఆగుతుందట… బదులు కోసం. ఉన్నచోటి నుంచి కదలకుండా బదులిచ్చావో, మాను నీ మీదకే వస్తుందట.

రంపాలు పోయాయి. మోటారు రంపాలు వచ్చాయి. మా మరిది ఏళ్ళ తరబడి మోటారు రంపం పట్టాడు. ఆ అదురుకి వేళ్ళు తెల్లబడి, తిమ్మిరెక్కి, చివరికి చొక్కా బొత్తాలు కూడా మా తోటికోడలే పెట్టాల్సి వచ్చేది. ఇక ఏ పనికీ పనికిరాడనుకున్న సమయంలో యంత్రం వచ్చింది.

ఆ యంత్రం గురించి విన్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. దానికి ఇనుప చెయ్యి, చేతి చివర పిడికిలి. మానుని మొదట్లో పట్టుకుని, కోసి, పక్కకి వంచి, కొమ్మలన్నీ దువ్వేసి, ముక్కలు చేసి పేర్చేస్తుంది. మనం జడ వేసుకునేంత సేపు కూడా పట్టదట. ఏ ముక్క ఎంత పొడవు కొయ్యాలో ఎదురుగా ఉన్న తెరే చెబుతుంది. అది కూడా చెట్టుని చూసి కాదు, ఆ రోజు బజారుని చూసి. డ్రైవరు అద్దాల గదిలో కూర్చుని రెండు చిన్న కడ్డీలు మెల్లగా కదిపితే చాలు. తిమ్మిరి చేతులకి అంతకన్నా ఏం కావాలి? ఆ సీటు పోతే మా మరిదికి ఇంకో పని లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆయన భార్యకి తెలుసు, షావుకారుకి మరీ బాగా తెలుసు.

అద్దాల గదిలోకి బయటి చప్పుడు రాదు. అందుకని కేకవేసే అలవాటు కూడా పోయింది. ఎవరికోసం వెయ్యాలి, వాలులో మనిషన్నవాడు ఉంటేగా.

ఇక షావుకారు. కలప అడితి ఆయనది, యంత్రమూ ఆయనదే. ఆయన చెవికి ఫోను పుట్టుకతో వచ్చిందని అడితిలో చెప్పుకునేవాళ్ళు. ఎక్కడో దూరాన ఇళ్ళు కట్టేవాళ్ళు కట్టడం మొదలుపెడితే రేటు లేచేది, ఆపేస్తే పడేది. రేటు లేస్తే ఆయన అందరినీ "నాయనా" అనేవాడు. పడితే ఎవరి మొహమూ గుర్తుండేది కాదు.

చిత్రం ఏమిటంటే, దెయ్యం కూడా అలాగే నడిచేది.

రేటు పడిన వారమే లోయలోంచి కేక వినిపించేది. అడితి గేటు దాకా వినిపించేది. షావుకారు కోతమిల్లుకి ఫోను చేసి, "మావాళ్ళు హడలిపోతున్నారండీ, అడవిలోకి దిగనంటున్నారు, నేనేం చెయ్యను" అనేవాడు. పడిన రేటుకి నష్టపోయి దుంగలు పంపక్కర్లేదు. భయపడి మానేసింది పనివాళ్ళే కాబట్టి వాళ్ళకి కూలీ ఇవ్వక్కర్లేదు. రేటు లేచిన రోజున లోయ గుడిలా ప్రశాంతంగా ఉండేది.

"ఆ దెయ్యానికి బజారు ధరలు ఎవరు చెబుతున్నారంటావు?" అనేది మా తోటికోడలు, గిన్నెలు తోముతూ.

"నోరు ముయ్యి. అలాంటివాటితో వేళాకోళాలేమిటి" అనేవాడు మా మరిది. ఆయనకి నిజంగానే భయం.

ఒకరోజు రేటు ఎన్నడూ లేనంత ఎత్తుకి లేచింది. వాలులన్నీ అప్పటికే బోడి. మిగిలింది లోయ ఒక్కటే. షావుకారు మా మరిదిని అడితి గదిలోకి పిలిచాడు. బల్ల మీద రంపంపొట్టు పొరలా పరుచుకుని ఉంది. దాని మీదే మోచేతులు ఆనించి అన్నాడు:

"నాయనా, ఇవాళ రాత్రి లోయలో దిగాలి."

"లోయలో దెయ్యం ఉందని మీరేగా మిల్లువాళ్ళకి చెప్పారు."

"అది పోయిన నెల."

"ఇప్పుడు వెళ్ళిపోయిందాండీ?"

"రేటు ఎక్కడుందో తెలుసా నీకు?"

"నేను దెయ్యం సంగతి అడుగుతున్నానండి."

"నేనూ అదే చెబుతున్నా."

మా మరిది బతిమాలుకున్నాడు.

"పొద్దుటే దిగుతానండీ…"

"పొద్దుటికి రేటు ఉంటుందని హామీ ఇస్తావా? నువ్వు దిగకపోతే పొద్దుట ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. ఆ చేతులతో ఇంకెక్కడ కూర్చుంటావో నువ్వే చూసుకో."

అంతమాట పడ్డాక మా మరిదికి ఎక్కడలేని తెగింపూ వచ్చింది. "అలాగేనండి. మరి మీరు కూడా రండి. దెయ్యం లేదని మీకు తెలుసు కదా."

షావుకారు నవ్వాడు. నిజంగానే ఏ బెరుకూ లేని నవ్వు. "పద. నా యంత్రంలో నేను కూర్చోడానికి భయమేమిటి."

ఆ అద్దాల గదిలో ఉన్నది ఒకటే సీటు. షావుకారు వెనకాల పనిముట్ల పెట్టె మీద, మోకాళ్ళు చెవులకి తగిలేలా కూర్చున్నాడు. లోయలోకి దిగుతుంటే ఆయన మొహం మీద ఫోను వెలుతురు నీలంగా పడుతోంది. సగం దిగేసరికి సిగ్నలు పోయింది. అప్పుడు మాత్రం కాస్త కంగారుపడ్డాడట.

"రేటు తెలియడం లేదే…"

యంత్రం దీపాల్లో మానులు ఒక్కొక్కటే ముందుకొచ్చి నిలబడుతున్నాయి. మా మరిది మొదటి మానుని పట్టుకున్నాడు. కోశాడు. వంచాడు. పిడికిలి కొమ్మలు దువ్వుకుంటూ పైదాకా పోయింది…

టక్కున ఏదో ఊడి, దీపాల వెలుతురులో పడింది.

నల్లటి డబ్బా. దానికో గరాటు. గరాటుకి తీగలు.

మైకు.

ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

"ఎవరో… పెట్టినట్టున్నారు" అన్నాడు షావుకారు.

"ఎవరో పెట్టారండి" అన్నాడు మా మరిది.

ఇన్నేళ్ళ భయం ఒక్కసారిగా దిగిపోయింది. దాని వెనకే కోపం వచ్చింది. వట్టి చేతులతో ఇంటికి వెళ్ళిన వారాలు, వేడినీళ్ళు తాగి పడుకున్న రాత్రులు… అన్నీ ఆ డబ్బాలోంచే వచ్చాయన్నమాట. ఆయన యంత్రాన్ని మెల్లగా ముందుకి పోనిచ్చాడు. చక్రం కింద డబ్బా కరకరలాడి నుగ్గయింది. తర్వాత ఇంజను ఆపి, గాలి కోసం తలుపు తీశాడు.

లోయంతా నిశ్శబ్దం. పచ్చి కలప వాసన.

అప్పుడు వినిపించింది.

"వస్తోందీ…"

పైనుంచి కాదు. మైకు గొంతులా బొంగురుగా లేదు. అలసిపోయిన మనిషి గొంతు. దగ్గర్లోనే.

మా మరిది వెనక్కి తిరిగి చూశాడు. "ఇంకోటి ఎక్కడ పెట్టారండీ?"

"ఒకటే…" అన్నాడు షావుకారు. "నేను పెట్టింది… ఒకటే."

"వస్తోందీ…"

ఆగింది. ఆ ఆగడం ఉంది చూడండి… కేక కన్నా అదే భయంగా ఉందని చెప్పాడు మా మరిది. ఎవరో చెవి ఒగ్గి, ఊపిరి బిగబట్టి, మన గొంతు కోసం చూస్తున్నట్టు.

"పలక్కండి" అని గుసగుసలాడాడు. "కదలకుండా పలక్కూడదు."

బజారులో ఎవరేమడిగినా ముందు అవునని, తర్వాత ఆలోచించుకోవడం షావుకారుకి అలవాటు. ఆ అలవాటే నోట్లోంచి వచ్చేసింది.

"తప్పుకున్నాం! ఇద్దరం తప్పుకున్నాం!"

కదిలింది లేదు. పైగా పక్కవాడి తరఫున కూడా తనే పలికాడు.

చీకట్లో ఎక్కడో… కిర్రుమంది.

మా మరిది చేతులు తిమ్మిరి మరిచిపోయాయి. ఇంజను వేశాడో, కడ్డీ లాగాడో, ఏది ముందో ఆయనకే తెలియదు. యంత్రం మొద్దుల మీంచి ఎగిరెగిరిపడుతూ వెనక్కి పరిగెత్తింది. షావుకారు తల పైకప్పుకి కొట్టుకుంది. ఎదురుగా దీపాల వెలుతురులో ఒక మాను నిదానంగా, ఏ తొందరా లేనట్టు ఒరిగి… అప్పటిదాకా వాళ్ళున్న చోట సరిగ్గా పడింది. కుదుపుకి దీపాలు ఆరిపోయాయి.

మళ్ళీ వెలిగేసరికి పనిముట్ల పెట్టె మీద షావుకారు లేడు. తలుపు దగ్గర ఒక చెప్పు ఉంది. రెండోది అడితికి పోయే దారిలో బురదలో దొరికింది.

వేరు కుళ్ళి పడిందన్నారు పొద్దుట చూసినవాళ్ళు. అయ్యుండొచ్చు. నిలబడే చచ్చిపోయిన చెట్లు అడవిలో ఉంటాయి కదా.

తర్వాత వారం రేటు పడిపోయింది. దబ్బున పడింది. ఇక కేక లేస్తుందని, మిల్లుకి ఫోను వెళుతుందని, మళ్ళీ కూలీ లేని రోజులొచ్చాయని అందరూ ఎదురుచూశారు. షావుకారు గది తలుపు తీసుకుని బయటికొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. ఆ మాటెత్తినవాడు ఇంటికి పోవచ్చు. దుంగలు పంపండి. కూలీ తీసుకోండి."

"లేదన్నాడా?" అంది మా తోటికోడలు ఆ రాత్రి. గిన్నె తోమడం ఆపేసింది. "అయితే ఉన్నట్టే."

మా మరిది సీటు మా మరిదికే ఉండిపోయింది. ఆ సీట్లో కూర్చోవాలంటే ఇప్పుడు ఇంకెవరికీ ధైర్యం చాలదు. పైగా అడితిలో కొత్త నిబంధన వచ్చింది. ప్రతి చెట్టుకీ ముందు యంత్రం ఆపి, తలుపు తీసి, డ్రైవరు గట్టిగా హెచ్చరించాలట. ఇది సరికొత్త భద్రతా విధానమని షావుకారు మిల్లువాళ్ళకి చెప్పాడు. వాళ్ళు చాలా మెచ్చుకున్నారు. ఆ కలపకి రేటు కాస్త ఎక్కువే ఇస్తున్నారని కూడా విన్నాను.

మొన్న మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు మా మరిది. తాళ్ళు ముడివెయ్యడానికి వేళ్ళు వంగడం లేదు. నేనే వంగి వేశాను. ఖాళీ అడవిలో, వినేవాళ్ళు లేని చోట కేకవెయ్యడం చిన్నతనంగా లేదూ అని అడిగాను.

ఆయన లేచి బూటు నేలకి తాటించుకున్నాడు. తర్వాత అన్నాడు:

"ఒక్కోసారి బదులు వస్తుంది వదినా. 'తప్పుకున్నా' అని కాదు… 'ఆగు, నేనింకా లేవలేదు' అని. ఆ చెట్టు వదిలేసి ముందుకెళ్ళిపోతాను. ఎందుకు వదిలేశావని షావుకారు కూడా అడగడు."