కంప్లయింటుకో కట్టుగుడ్డ

ఉపేంద్ర మంచివాడు. వాసంతికి వచ్చిన కష్టమంతా అదే. తాగడు, పేకాడడు, గొంతు పెంచి అన్నం బాగాలేదని కూడా అనడు. పుట్టింటికి ఫోన్ చేసి ఏడుద్దామంటే చెప్పుకోదగ్గ దుర్గుణం ఒక్కటీ లేకపోయె. ఉన్నదల్లా ఒకటే. బెల్లంకొండ దారిలోని ఆ ఊరికి నెట్ కేబులు అతనిదే కాబట్టి రోజులో సగం స్తంభాల మీదే ఉంటాడు. కిందికి దిగాక కూడా పైనుంచి మాట్లాడినట్టే మాట్లాడతాడు.

బిల్లుల మీద అచ్చయిన కంప్లయింట్ నంబరు మాత్రం వాసంతిది. స్తంభం ఎక్కినవాడు ఫోనెలా ఎత్తుతాడని పెళ్ళయిన కొత్తలోనే ఆ ఏర్పాటు జరిగింది. అప్పటినుంచి ఉప్మా కలుపుతూ, జడ వేసుకుంటూ, నెట్ పోయినప్పుడల్లా ఊరందరి ఇళ్ళలో వెలిగే ఎర్రలైట్ల సంగతి ఆమే వింటోంది. చదివింది బీకాం, అదీ ఫస్ట్ క్లాసులో.

పోయిన ఆదివారం గ్రామసభలో వాసంతి లేచి నిలబడింది. ఊరి ఆస్పత్రిలో దూది లేదు, కట్టుగుడ్డ లేదు, పై నుంచి వచ్చేది వారానికి కూడా చాలడం లేదు. ఒక్కో నెట్ కనెక్షన్ మీద నెలకు ఇరవై రూపాయలు పన్ను వేసి ఆస్పత్రికి ఇద్దామంది. రెండు నెలలుగా అత్తగారు నాగేంద్రమ్మను కట్టు మార్పించడానికి అక్కడికి తీసుకెళ్తున్నది ఆమే. షుగరు పుండు, ఎడమకాలి బొటనవేలు. ఇంకో పది రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే వేలు తీసేయాల్సిందేనని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. ఆ మాట కొడుక్కి చేరకూడదని నాగేంద్రమ్మ ఒట్టు వేయించుకుంది. “వాడికి చెప్పమాకు. స్తంభం మీద చెయ్యి వణుకుద్ది.”

వాసంతి చెప్పడం పూర్తికాకముందే ఉపేంద్ర వచ్చి మైకు లాక్కున్నాడు.

“మా ఆవిడ మాటలు పట్టించుకోమాకండి. నెట్టంటే ఆమెకి తెలిసింది వంటల వీడియోలే. ఆస్పత్రి గవర్నమెంటోళ్ళది, నెట్టు మనది. దానికీ దీనికీ ఏంది సంబంధం?”

సభంతా నవ్వింది. తీర్మానం ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది. వాసంతి కూడా నవ్వి, ఇంటికొచ్చి అతనికిష్టమని గోంగూర పచ్చడి నూరింది. కోపం వస్తే ఆమె చేతి వంటకు రుచి పెరుగుతుందన్న సంగతి ఉపేంద్ర ఇన్నేళ్ళలోనూ కనిపెట్టలేదు. ఆ రాత్రి రెండుసార్లు వడ్డించుకుని మరీ తిన్నాడు.

సోమవారం పొద్దున ఏడింటికి మొదటి ఫోను మోగింది. మెకానిక్ సత్తార్.

“వదినా, నెట్టు రావట్లా. ఎర్రలైటు ఎలుగుతా ఉంది.”

“ఇవ్వాళ్టి నుంచి కొత్త పద్ధతి సత్తార్ భాయ్. ఆస్పత్రిలో అబిదా సిస్టర్‌కి ఒక కట్టుగుడ్డ చుట్ట ఇచ్చి, ఆమె చేత నాకు ఫోన్ చేయించు. అప్పుడు కంప్లయింట్ రాసుకుంటా.”

“ఏంది వదినా! నెట్టుకీ కట్టుగుడ్డకీ ఏంది సంబంధం?”

“మీ అన్న కూడా అదే అడిగాడు. నాకేం తెలుసు, నేను వంటల వీడియో చూస్తన్నా.”

సత్తార్ నవ్వుకుంటూ వెళ్ళి ఇచ్చాడు. తర్వాత ఫోన్ చేసిన జానీ గొణుక్కుంటూ ఇచ్చాడు. హన్నమ్మ మాత్రం ఇంటికే వచ్చి తగువు పెట్టుకుంది.

“ఏమే వాసంతీ, సీరియల్ సగంలో ఆగిపోయింది. దూది ఇచ్చొచ్చా, చాలదా?”

“చాలుద్ది పిన్నీ. దూది ఒక్కటైతే రేపు బాగవుద్ది. స్పిరిట్ సీసా కూడా అయితే సాయంత్రానికే.”

హన్నమ్మ ఆమెను పై నుంచి కింది దాకా చూసి, మందుల షాపు వైపు నడిచింది.

ఇవ్వనన్నవాడు వెంకట సాయి ఒక్కడే. అతని కంప్లయింట్ అలాగే ఉండిపోయింది. గురువారం పొద్దున టీ బంకు దగ్గర అతను ఉపేంద్ర చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. ఉపేంద్ర బండి గుమ్మంలోనే పడేసి లోపలికొచ్చాడు.

“ఏందే ఇది? మూడు రోజుల్నుంచి వెంకట సాయి ఇంట్లో నెట్టు లేదంట! కనెక్షన్ పీకేస్తానంటన్నాడు!”

“పన్ను కట్టలా.”

“ఎవరేశారు పన్ను?”

“నేనే. సభలో వద్దన్నారు, వంటింట్లో పాసయింది.”

“నా మీద కచ్చ తీర్చుకుంటన్నావు కదూ?”

“తీర్చుకుంటన్నా,” అంది వాసంతి, కూరలో ఉప్పు చూస్తూ. “ఇంకా తీరలా.”

పోట్లాట తనదే అయినా ఒక్కడే పోట్లాడుతున్నట్టుంది ఉపేంద్రకు. “ఆ అబిదాకి బుద్ధుండాలి, నీ మాట విని తీసుకోడానికి. అక్కడే తేల్చుకుంటా,” అని మళ్ళీ బండి లేపాడు.

“ఉండండి, నేనూ వస్తా. అత్తయ్య ఆటోలో ముందే వెళ్ళింది.”

“అమ్మా? ఇంకా ఎందుకెళ్తంది? పుండు మానింది కదా?”

“ఎవరు చెప్పారు? మీకు కనపడకుండా ఆమె వేసుకునే సాక్సా?”

ఆస్పత్రి వరండాలో పదిమంది దాకా ఉన్నారు. లోపల బల్ల మీద నాగేంద్రమ్మ. అబిదా ఆమె కాలి కట్టు విప్పుతోంది. తిట్టడానికి నోరు తెరిచిన ఉపేంద్ర గుమ్మంలోనే ఆగిపోయాడు. వేలు సగం నల్లబడి ఉంది. వాసనకు అతని చెయ్యి తనకు తెలియకుండానే ముక్కు దాకా వెళ్ళి, సిగ్గుపడి దిగింది.

“ఇంత పుండా?” అన్నాడు.

“ఇప్పుడు చానా నయం అన్నా,” అంది అబిదా తల ఎత్తకుండా. “రోజూ మార్చాల్సిన కట్టు, గుడ్డ లేక మూడు రోజులకోసారి మార్చేదాన్ని. ఈ నాలుగు రోజులే రోజూ మారుస్తన్నా. ఇట్టాగే ఉంటే వేలు తీయాల్సిన పని ఉండదని డాక్టర్ గారు నిన్న ఫోన్లో అన్నారు.”

“వేలు తీయడమేంది? మనం కొనుక్కోలేమా గుడ్డ?”

“వాసంతక్క కొనుక్కొచ్చేది. పెద్దమ్మ ఊరుకుంటేనా? వరండాలో ఇంతమంది చీరపేలికలు చుట్టుకుని కూర్చుంటే నాకొక్కదానికే తెల్లగుడ్డా అని ముక్కలు చేయించి అందరికీ పంచేది. తనకి మళ్ళీ పాత చీరే.”

ఉపేంద్ర బల్ల పక్కన కింద కూలబడ్డాడు. “అమ్మా, నాకెందుకు చెప్పలా?”

నాగేంద్రమ్మ కొడుకు నెత్తి మీద చెయ్యి వేసింది. “నా కాలి సంగతి నేనే చెప్పొద్దన్నా. ఆస్పత్రి సంగతి మాత్రం నీ పెళ్ళాం ఊరందరి ముందర చెప్పింది కదరా. వినకుండా మైకు లాక్కుంది నువ్వు.”

నాలుగు రోజులుగా వాసంతి మనసులో ఎన్నోసార్లు చూసుకున్న దృశ్యమిది. అందులో అతను తలదించుకుని నిలబడేవాడు, తనకు కడుపు నిండిపోయేది. తీరా ఎదురైతే అతని భుజాలు కదులుతుంటే ఆమెకూ కళ్ళు చెమర్చాయి. అయినా కొంగుతో తుడుచుకుందే గాని పట్టు వదల్లేదు.

“ఇంటికి పద వాసంతీ, మాట్లాడుకుందాం,” అన్నాడతను గొంతు తగ్గించి.

“అందరినీ నవ్వించింది ఇంట్లోనా?” ఆమె తన ఫోను తీసి అతని ముందు పెట్టింది. కనెక్షన్ ఉన్న ప్రతి ఇల్లూ ఉన్న వాట్సాప్ గ్రూపు అది. “మాట్లాడి పెట్టండి.”

ఉపేంద్ర గొంతు సవరించుకున్నాడు. “వినియోగదారులకు మనవి. కొన్ని సాంకేతిక కారణాల వల్ల...”

“మళ్ళీ.”

“నా మాటల వల్ల ఎవరి మనసన్నా నొచ్చుకుని ఉంటే...”

“ఎవరి మనసో మీకు తెలవదా? మళ్ళీ.”

అబిదా నవ్వు దాచుకోవడానికి దూది డబ్బా వైపు తిరిగింది. వరండాలోని వాళ్ళు కిటికీ దగ్గర గుమికూడారు. “త్వరగా చెప్పరా, కాలు లాగేస్తంది,” అంది నాగేంద్రమ్మ.

ఉపేంద్ర తల్లి పాదం వంక చూశాడు, తర్వాత భార్య వంక. మూడోసారి మొదలుపెట్టినప్పుడు అతని గొంతు స్తంభం దిగి వచ్చింది.

“నేను ఉపేంద్రని. ఆదివారం వాసంతి ఆస్పత్రి గురించి చెప్పింది. నాకు ఆ సంగతి తెలవదు. ఈ గుమ్మం తొక్కి తెలుసుకోలా కూడా. అయినా ఆమెని ఎగతాళి చేసి మిమ్మల్ని నవ్వించా. వచ్చే సభలో ఆ పన్ను తీర్మానం నేనే పెడతా. వాసంతి చెప్పిందంతా నిజం.” అతను వాసంతి వైపు తిరిగాడు. “తప్పు నాది.”