ఎర్ర వంతెన ఎక్కను

మా మత్సుషిమా అఖాతంలో రెండువందల అరవై దీవులున్నాయి. నాకు పేర్లు తెలిసినవి నలభై. మిగతావాటికి యాత్రికుల్ని తిప్పే పడవలో మైకు పట్టుకున్నవాడు ఏ పేరు పెడితే అదే. ఆ మైకు నా చేతిలో ఉంది.

"ఎడమవైపు చూడండి! కన్నీటి దీవి! ప్రియుడి కోసం ఏడ్చి ఏడ్చి ఒక రాకుమారి ఇక్కడే..."

"అది బోడి దీవి," అంది ముందు వరసలోంచి ఒక గొంతు. "అక్కడ ఏ రాకుమారీ ఏడవలేదు. మా నాన్న అక్కడ ఆల్చిప్పలు పెంచే తెప్పలు కడతాడు. ఏడిస్తే ఆయనే ఏడవాలి, పిల్ల ఆల్చిప్పల్ని చేపలు మెక్కేస్తున్నాయని."

పడవంతా ఘొల్లున నవ్వింది. చూస్తే రబ్బరు బూట్లు, తలకి తువ్వాలు, ఒళ్ళో బకెట్టు. పేరు చిగుసా. వాళ్ళ పడవ ఇంజను పాడైందట, నెల రోజులు షియొగామా మార్కెట్‌కి మా పడవలోనే వెళ్తుందట. నా ఖర్మ!

దిగేటప్పుడు నిలదీశాను. "నా పొట్ట కొడితే నీకేం వస్తుంది?"

"టిక్కెట్టు పెట్టి మరీ అబద్ధాలు చెబుతావా? నిన్నొకసారి ఎర్ర వంతెన దాటించాలి!"

మా ఊళ్ళో ఇంతకు మించిన తిట్టు లేదు. ఎర్ర వంతెన మీదుగా ఎవరితో కలిసి అవతలి దీవికి వెళ్తే వాళ్ళతో బంధం తెగిపోతుందని నమ్మకం. మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటూ కూడా అటు నడవరు. మా మేనేజరుని తలుచుకుని నేను రెండుసార్లు దాటాను. ఆయన ఇంకా ఉన్నాడు, అది వేరే సంగతి.

మూడో వారానికల్లా నా పరిస్థితి దిగజారింది. చిగుసా దిద్దకపోతే కథ చప్పగా ఉంటోంది. దిద్దించుకోవడానికే పెద్ద పెద్ద అబద్ధాలు అల్లుతున్నాను. ఒకరోజు జోరున వాన. పడవలో తనొక్కతే. అయినా మైకు పట్టుకుని మొత్తం చెప్పాను. తను ఒక్కటీ వదలకుండా దిద్దింది. అంత సంతోషం నాకెప్పుడూ లేదు.

"ఆదివారం పెళ్ళిచూపులు," అంది ఆ రోజే, బూట్లలో నీళ్ళు ఒంపుకుంటూ. "సెందైలో బ్యాంకు ఉద్యోగం. అమ్మమ్మకి తెగ నచ్చాడు. నీ పడవలోనే తిప్పుతా."

"నీకు నచ్చాడా?"

"ఇంకా చూడందే ఎలా తెలుస్తుంది!" అని నా మొహంలోకి చూసింది. కాసేపు అలాగే చూసింది.

నేనేమన్నానో తెలుసా? "శుభాకాంక్షలు" అన్నాను. గాడిదని.

ఆదివారం వచ్చాడు కురొకావా. తెల్ల బూట్లు, మర్యాదైన నవ్వు. నేను కన్నీటి దీవి అనగానే కళ్ళు తుడుచుకున్నాడు. చిగుసా ఒక్కటంటే ఒక్కటి దిద్దలేదు.

రేవులో దిగాక తన గొంతు వినబడింది. "అదిగో, ఎర్ర వంతెన. చాలా బావుంటుంది. వెళ్దామా?"

"అబ్బ, ఎంత అందంగా ఉందండీ!" అంటూ ఆ అమాయకుడు బయల్దేరాడు. నా చేతిలోని తాడు నీళ్ళలో పడింది.

అరగంటకి అతను రైలుకి వెళ్ళిపోయాడు. చిగుసా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అతన్ని... ఆ వంతెన మీద..."

"ఫోటోలు కూడా తీసుకున్నాడు, పాపం."

"ఎందుకలా చేశావ్?"

"నువ్వు చెప్పిందల్లా నమ్మాడయ్యా! అలాంటివాడితో జన్మంతా ఏం పెట్టుకుని పోట్లాడను?" అని నా చొక్కా పట్టి లాగింది. "పద, ఇక నీ వంతు. మా పడవ బాగైపోయింది. రేపట్నించి నీ పడవెక్కను. తెగతెంపులు చేసేసుకుందాం."

నేను తాడు కట్టే ఇనప గుంజని కావలించుకున్నాను. "రాను."

"అబద్ధాల పుట్టా! నీకు కూడా నమ్మకాలా?"

"మేనేజరు మీద పనిచెయ్యలేదు, సరే. నీ మీద పనిచేస్తే? నువ్వంటే నాకు ప్రాణం, చిగుసా. చంపినా ఆ వంతెన ఎక్కను."

చొక్కా వదిలేసింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది మైకులో చెప్పే కథేనా?"

"ఇందులో రాకుమారి ఎక్కడుంది? రబ్బరు బూట్లున్నాయి."

"అయితే గుడి వంతెనకి పద," అంది నేల చూస్తూ.

అది బంధం కలిపే వంతెన. పలకల సందుల్లోంచి కింద సముద్రం కనిపిస్తుంది. చెయ్యి పట్టుకోక తప్పదు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా పట్టుకున్నాను. వంతెన మొదట్లో ఆల్చిప్పలు కాల్చి అమ్మే చిగుసా అమ్మమ్మ పట్టకారు ఎత్తి అరిచింది. "ఒరేయ్ మైకబ్బాయ్! కిందకి చూసి నడువు! నువ్వు పడితే పడ్డావు, మా పిల్లని లాగకు!"

ఆవిడ దీవెనలు అలాగే ఉంటాయి.

మర్నాడు మైకు తీసుకున్నాను. "ఎడమవైపు బోడి దీవి. ఇక్కడ ఏ రాకుమారీ ఏడవలేదు. మా మామగారు ఆల్చిప్పల తెప్పలు కడతారు."

తెప్పల మధ్య నుంచి, బాగుచేసిన చిన్న పడవలోంచి కేక వినబడింది. "ఇంకా మామగారు కాలేదు!"

దిద్దింది. హమ్మయ్య!